రాడ్డు లేని బండి

హిందూపురం,
జూన్ రెండో వారం.

తమ్ముడు గురప్పకు ఫయాజన్న దీవించి రాసేది.

ఇక్కడ నా చెవి ఒక్కటి తప్ప అందరం బాగున్నాం. మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. మొన్న నువ్వు ఫోను చేస్తే "ఎవరు? ఏంది? గట్టిగా చెప్పప్పా!" అని నేను అరిచాను. అటునుంచి నువ్వూ అరిచినట్టున్నావు. ఇద్దరం కలిసి సాధించిందేమిటంటే, నేనెవరితోనో తగాదా పడుతున్నానని మా వీధివాళ్ళు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. అన్నేళ్లు బెంగళూరు సిటీబస్సు ఇంజను పక్కన కూర్చున్న చెవి ఇది, ఇక బాగుపడదు. డాక్టరిచ్చిన మిషను పెట్టుకుంటే పక్కింటి మిక్సీ తప్ప ఏమీ వినబడదు. కాబట్టి ఇకమీదట మనిద్దరికీ ఉత్తరాలే.

అసలు సంగతికి వస్తాను. మీ వదిన ఫాతిమా పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క కోరికే కోరింది. మక్కాకు పోయి ఉమ్రా చేసి రావాలని. ఆమె తమ్ముడు ఒక గుంపుతో మాట్లాడి, సెప్టెంబరులో బెంగళూరు నుంచి జెడ్డాకు ఇద్దరికీ విమానం టికెట్లు తీయించాడు. ఆమె ఆ రోజు నుంచి నేల మీద నడవడం లేదు. నాకేమో అన్నం సయించడం లేదు.

నాకు భయం గురప్పా. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? నేను నడిపే బండిలో నాకు భయం లేదు. ఇంకెవడో నడిపే బండిలో, ముందు రోడ్డు కనబడకుండా, పక్క కిటికీలోంచి మేఘాలు చూసుకుంటూ ఎట్లా కూర్చోవాలి? "నువ్వు రాకపోతే నేనూ పోను. నువ్వు భయపడినావని ఎవరికీ చెప్పను కూడా" అంటోంది ఫాతిమా. అరిచి ఉంటే ఎంత బాగుండేది!

నువ్వు ఈమధ్యే విమానమెక్కి కాశీకి పోయావు కదా. అక్కడినుంచి మీ అమ్మాయి కిరణ్మయి పంపిన ఫోటోలు చూశాం. ఇరవై ఏళ్లకు పైగా నేను స్టీరింగు పట్టుకుంటే నువ్వు కండక్టరుగా వెనక నిలబడ్డావు. ఒక్కనాడైనా రాడ్డు పట్టుకోలేదు, ఒక్కనాడైనా పడలేదు. డిపోలో "గురప్ప కాళ్లకు జిగురు" అనేవాళ్లు. బండి ఎట్లా పోతుందో చెప్పడానికి నిన్ను మించినవాడు లేడు. ఎట్లా ఉందో రాయి. నువ్వు సరే అంటే ఎక్కుతాను, వద్దంటే మానుకుంటాను. ఇక నీ మాటే.

ఇట్లు,
ఫయాజ్


మారతహళ్లి, బెంగళూరు,
జూన్ మూడో వారం.

ఫయాజన్నకు గురప్ప నమస్కారాలు.

ఈ అక్షరాలు చూసి తికమక పడొద్దు. ఇవి మా ఇంటామె, మీ చెల్లెలు లక్ష్మమ్మవి. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. ఏం లేదు, బాత్రూములో కాలు జారి కుడి భుజం దగ్గర ఎముక కాస్త విరిగింది. పట్టీ కట్టి మెడకు తగిలించారు. చిన్న సంగతి, దాన్నింతటితో వదిలేద్దాం.

విమానం గురించి ఏం చెప్పమంటావన్నా! కొత్తగా తారు పోసిన రోడ్డు మీద, డిపోకి అప్పుడే వచ్చిన కొత్త బండి, అందులోనూ ఆదివారం పొద్దున, దారిలో ఒక్క సిగ్నలూ లేదు. అట్లా పోయింది. పోవడం అట్లా, రావడం మరీ అట్లా. నీళ్ల గ్లాసు ముందు పెట్టుకుంటే గ్లాసులో నీళ్లకు విమానమెక్కిన సంగతే తెలియదు. గుంతలు లేవు, ఆటోలు లేవు, అడ్డం వచ్చే గేదెలు లేవు. డ్రైవరు మంచి పనిమంతుడు. నువ్వు నిద్రపోయి లేచేసరికి జెడ్డా.

వదినమ్మను బాధపెట్టొద్దు. కళ్లు మూసుకుని ఎక్కు. నాది పూచీ.

కిరణ్మయి ఆఫీసు, ఇల్లు అని తిరుగుతోంది. ఈ రింగురోడ్డు మీద బస్సులు చూస్తూ బాల్కనీలో కూర్చుంటున్నాను. ఇప్పటి కండక్టర్లు ఒక్కడూ నిలబడడం లేదు, అందరూ సీట్లో కూర్చుని మిషన్లో టికెట్ కొడుతున్నారు. చూసి కడుపు రగిలిపోతోంది.

ఇట్లు,
గురప్ప

(అన్నా, నేను లక్ష్మమ్మను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇంతకుమించి నన్నేమీ అడగొద్దు. ఫాతిమా వదినను అడిగానని చెప్పండి.)


హిందూపురం,
జూలై మొదటి వారం.

తమ్ముడు గురప్పకు,

నీ ఉత్తరం చదివి గుండె కుదుటపడింది. ఫాతిమాకు రెండుసార్లు చదివి వినిపించాను. నీ భుజం గురించి మేమిద్దరం చాలా బాధపడ్డాం. ఆ తర్వాత నేనొక్కడినే చాలాసేపు ఆలోచించాను. టౌన్‌హాలు దగ్గర ఎద్దు అడ్డం వస్తే నేను నిలువునా తొక్కిన బ్రేకుకు బండిలో సగంమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. నువ్వు మాత్రం టికెట్ చింపి చిల్లర కూడా ఇచ్చావు. అలాంటివాడివి బాత్రూములో పడ్డావా? ఏం బాత్రూమప్పా అది? ఎంత స్పీడులో పోతోంది?

సరే, నీ మాట పట్టుకుని నేను అలవాటు చేసుకోవడం మొదలుపెట్టాను. పెనుకొండ బస్సెక్కి చిట్టచివరి సీట్లో కూర్చున్నాను. రోడ్డు కనబడకుండా కళ్లు మూసుకున్నాను. వాడు మలుపు తిప్పిన ప్రతిసారీ నా చేతులు తిరిగాయి. వాడు బ్రేకు తొక్కాల్సిన చోటల్లా నా కుడికాలు తొక్కింది. ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఏం సామీ, నన్నెందుకు తంతా ఉండావు?" అన్నాడు. "తన్నలేదప్పా, బండి ఆపుతా ఉండా" అన్నాను. ఆయన లేచిపోయి వేరే సీట్లో కూర్చున్నాడు. పిక్కలు పట్టేసి ఇంటికొచ్చాను. అయినా వదలను, రేపు మళ్లీ పోతాను.

నాకొక్క సందేహం మిగిలింది. విమానంలో నడుముకు బెల్టు కట్టుకోమంటారట కదా. మన సిటీబస్సులో సిల్కుబోర్డు జంక్షన్ గుంతల్లో కూడా ఎవరికీ బెల్టు లేదు. గ్లాసులో నీళ్లు కదలని బండికి బెల్టు దేనికి? నాకు పొట్ట మీద ఏదైనా బిగిస్తే ఊపిరాడదు. నువ్వు పెట్టుకున్నావా? నిజం రాయి.

ఇట్లు,
ఫయాజ్


మారతహళ్లి,
జూలై మూడో వారం.

ఫయాజన్నకు,

బెల్టు పెట్టుకోవాలి. తప్పకుండా పెట్టుకోవాలి. కూర్చోగానే పెట్టుకో, దిగేదాకా తీయొద్దు. ఎందుకని అడగొద్దు.

అడుగుతావని నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. విమానం కుదుపుతుందని కాదు, కుదపదు. అక్కడ నీలం కోట్లు వేసుకున్న చెకింగ్ స్క్వాడ్ ఉంటారు. మన స్క్వాడ్ కంటే మహా కఠినం. బెల్టు లేనివాడు కనబడితే తర్వాతి స్టాపులో దించేస్తారు.

(తర్వాతి స్టాపు ఆకాశంలో ఎక్కడుంటుందని నేనడిగాను అన్నా. ఇంకా జవాబు రాలేదు. లక్ష్మమ్మ)

మీ చెల్లెలికి మధ్యలో దూరడం అలవాటైంది, పట్టించుకోవద్దు. ఇంకో కారణం కూడా ఉంది. బెల్టు కట్టుకున్నవాళ్లకే ఉప్మా ఇస్తారు. కట్టుకోనివాళ్లను దాటుకుని ఉప్మా బండి తోసుకుపోతారు. మూడో కారణం, అది మర్యాద. పెద్దవాళ్ల ముందు చొక్కా గుండీలు పెట్టుకోమా? అట్లాగే అనుకో.

(మూడు కారణాలూ ఇప్పుడే, నా ఎదురుగా కూర్చుని, పైకప్పు చూస్తూ కనిపెట్టాడు. ఆ పైకప్పంటే ఈమధ్య ఆయనకు కాస్త భయం కూడా. లక్ష్మమ్మ)

బాత్రూము గురించి ఎక్కువ ఆలోచించొద్దు. ఇక్కడి టైల్స్ నునుపు. సబ్బు నీళ్లు కూడా ఉన్నాయి. సబ్బు పేరు కావాలంటే రాస్తాను.

ఇట్లు,
గురప్ప


హిందూపురం,
ఆగస్టు మొదటి వారం.

తమ్ముడు గురప్పకు,

నీ మూడు కారణాలూ మా బావమరిదికి చూపించాను. స్టాపులూ లేవు, స్క్వాడూ లేదు అన్నాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. ఉప్మా సంగతి తెలియదన్నాడు. ఉప్మా నాకెట్లాగూ గిట్టదు, వదిలేశాను. ఇక నాకు అర్థమైపోయింది. బెల్టు ఊరికే పటాటోపం. పెళ్లిలో పంతులు కట్టే కంకణంలాంటిది, పని అయ్యాక తీసి పారేయొచ్చు. విమానం లేచాక తీసేస్తాను.

నా భయం ఎంత పోయిందంటే, నేనిప్పుడు ఇంకొకరికి ధైర్యం చెప్పేవాణ్ణయ్యాను! మొన్న మా ఉమ్రా గుంపు మీటింగు జరిగింది. అందరూ ముసలీ ముతకా, అందరిదీ మొదటి విమానం, అందరి మొహాల్లో నా పాత మొహమే కనిపించింది. నేను లేచి నిలబడ్డాను. "మా గురప్ప పోయి వచ్చినాడు. కండక్టరు. నిలబడి బండి బాగోగులు చెప్పే మనిషి. నీళ్లు కూడా కదలవంట. బెల్టు తీసి పారేసి, కాళ్లు పట్టేసినప్పుడల్లా లేచి తిరగండప్పా!" అన్నాను. ఖాదర్ బాషా అని ఒకాయన, బాగా పొట్ట ఉన్న మనిషి, బెల్టు నడుముకు సరిపోదేమోనని నెలరోజులుగా కుమిలిపోతున్నాడట. వచ్చి నన్ను కావలించుకున్నాడు. ఇప్పుడు గుంపులో ఒక్కరూ బెల్టు పెట్టుకోరు. అంతా నీ చలవే.

నేను మధ్యలో లేచి ముందుకు పోయి డ్రైవరు ఎట్లా నడుపుతున్నాడో తలుపు సందులోంచి ఒకసారి చూసి వస్తాను. చూడనిస్తారు కదా?

ఫాతిమా కొత్త పెట్టె కొనింది. బట్టలు సర్దడం, మళ్లీ తీసి మళ్లీ సర్దడం. వంటింట్లో పాడుకుంటోంది గురప్పా. ఆ పాట ఆమెకు వచ్చని నాకిన్నాళ్లూ తెలియదు.

ఇట్లు,
ఫయాజ్


మారతహళ్లి,
ఆగస్టు రెండో వారం.

ఫయాజన్నకు లక్ష్మమ్మ దండాలతో రాసేది.

ఈ ఉత్తరం నా సొంతం. ఆయన ఎదురుగానే కూర్చున్నాడు. వద్దంటున్నాడు. కలం నా చేతిలో ఉంది, ఆయన చెయ్యి మెడకు వేలాడుతోంది. కాబట్టి రాస్తున్నాను.

బాత్రూము లేదు, సబ్బూ లేదు. ఆయన భుజం విరిగింది విమానంలోనే.

కాశీ నుంచి తిరిగొస్తున్నాం. నేను కిటికీ పక్కన, కిరణ్మయి మధ్యలో, ఆయన నడవ పక్కన. బెంగళూరు దగ్గరపడింది, కింద మబ్బులు కనిపిస్తున్నాయి. టింగుమని చప్పుడై తల మీద లైటు వెలిగింది. బెల్టులు పెట్టుకుని కూర్చోమని చెప్పి, విమానంలో పని చేసే అమ్మాయిలు కూడా పోయి వాళ్ల సీట్లలో కూర్చుని కట్టుకున్నారు. విమానం కదలడం మొదలుపెట్టింది. వెనక ఒక పిల్ల ఏడ్చింది. ఎవరో పైనున్న సంచి కోసం లేచారు. అంతే, ఈయన లోపలి కండక్టరు నిద్ర లేచాడు.

బెల్టు తీసేశాడన్నా. నడవ మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఏ సీటూ పట్టుకోలేదు. "యారూ ఏళ్బేడి! ఎల్లారూ కూత్కొళ్లి! ఏం కాలేదప్పా, ఇది సిల్కుబోర్డు గుంతంత కూడా లేదు!" అని, ఎవరూ లేవొద్దు, అందరూ కూర్చోండని కన్నడంలో సగం, తెలుగులో సగం అరిచాడు. కిరణ్మయి చొక్కా పట్టుకుని లాగుతోంది. "నువ్వు కూర్చో పాపా, నాకు తెలుసు" అంటున్నాడు. ఆ గొంతుకు భయపడి లేచినవాళ్లు కూర్చున్నారు. విమానం మొత్తాన్ని కూర్చోబెట్టి, తానొక్కడే నిలబడ్డాడు.

అప్పుడు విమానం కిందికి పోయింది. ఎంతసేపో తెలియదు, కడుపు గొంతులోకి వచ్చింది. తల తిప్పి చూస్తే ఆయన మొహం ఉండాల్సిన చోట ఆయన చెప్పులు కనిపించాయి. తల పైకప్పుకు కొట్టుకుంది. మళ్లీ కిందికొచ్చి సీటు చేతి మీద భుజం పడేలా పడ్డాడు. వెనక బెల్టు సరిగా పెట్టుకోని ఇంకో ఆయనకు నుదురు చిట్లింది. కిరణ్మయి ఏడుస్తూ "నాన్నా! నాన్నా!" అంటుంటే, ఈయన నేల మీద నుంచి మొట్టమొదట అడిగిందేమిటో తెలుసా? "ఎవరైనా చూసినారా?" అని.

విమానం నిండా మనుషులన్నా. అందరూ చూశారు. దిగేటప్పుడు చక్రాల కుర్చీలో తువ్వాలు మొహం మీద కప్పుకుని కూర్చున్నాడు. ఆ బాత్రూము ఇంటికొచ్చే దారిలో టాక్సీలో పుట్టింది.

మీరు భయపడి ఆగిపోతారేమో, వదిన కోరిక తన వల్ల పోతుందేమో అని అబద్ధం చెప్పాడు. ఆ సగం నిజమే. మిగతా సగం సిగ్గు. కానీ ఇప్పుడు మీరు ఇంతమంది ముసలివాళ్లతో బెల్టులు తీయిస్తున్నారు. నేనిక రాత్రుళ్లు నిద్రపోలేను. దయచేసి వాళ్లకు చెప్పండి. విమానం చెడ్డది కాదన్నా. గాలి కుదిపింది, తర్వాత ఊరుకుంది, విమానం చక్కగా దిగింది. బెల్టు పెట్టుకున్న నాకూ కిరణ్మయికీ చిన్న గీత కూడా పడలేదు. నేను కిటికీలోంచి మళ్లీ మబ్బులు చూసుకుంటూ దిగాను.

మీ చెల్లెలు,
లక్ష్మమ్మ


హిందూపురం,
ఆగస్టు మూడో వారం.

గురప్పకు,

నేను పోవడం లేదు.

గుంపులో ప్రతి ఇంటికీ పోయి, నేను చెప్పిందంతా తప్పని, బెల్టులు పెట్టుకోండని చెప్పి వచ్చాను. ఖాదర్ బాషా నాతో మాట్లాడడం మానేశాడు. నా పేరు తీసేయమని బావమరిదికి కూడా చెప్పాను.

ఇన్నేళ్లలో నువ్వు నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. అనుకున్న టైముకు రాలేనప్పుడు రాలేనన్నావు. కలెక్షను తగ్గితే తగ్గిందన్నావు. ఇప్పుడు, నా ప్రాణానికి సంబంధించిన విషయంలో, సబ్బు పేరు రాస్తానన్నావు. నాకు కోపం వచ్చింది. కోపం పోయాక భయం వచ్చింది. నువ్వే నిలబడలేని బండి అది! నీ కాళ్లే ఆగని చోట నేనెంత?

ఫాతిమా పెట్టెలోంచి బట్టలన్నీ తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. పాట కూడా ఆగిపోయింది.

ఫయాజ్


మారతహళ్లి,
ఆగస్టు చివర.

ఫయాజన్నకు,

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుంటుంది. లక్ష్మమ్మ రాస్తానంది, వద్దన్నాను. ఇది నేనే రాయాలి.

అబద్ధం చెప్పాను. తప్పు నాదే. నీకు కోపం రావడం న్యాయం. తిట్టు, ఇంకో రెండు ఉత్తరాలు నిండా తిట్టు. కానీ ఇది పూర్తిగా చదువు.

పక్క మీద పడుకుని ఒకటే ఆలోచిస్తున్నాను. ఇన్నేళ్లు పడనివాణ్ణి అక్కడెందుకు పడ్డాను? నా కాళ్లకేమైంది? వయసా? విమానం గట్టిదా? నిన్న బాల్కనీలోంచి బస్సులు చూస్తుంటే తట్టింది. నీకు గుర్తుందా, మీ సొంత చెల్లెలి పెళ్లికని నువ్వు నెల సెలవు పెడితే నీ బండికి శామ్యూల్‌ను వేశారు. ఆ నెలలో నేను ఎన్నిసార్లు పడ్డానో నీకు చెప్పలేదు. కార్పొరేషన్ సర్కిల్ దగ్గర ఒక పూలమ్మ ఒళ్లో పడితే ఆమె పెట్టిన శాపనార్థాలు ఇంకా చెవిలో ఉన్నాయి. శామ్యూల్‌కు బండి నడపడం రాదని డిపో అంతా చెప్పి తిరిగాను. పాపం వాడు బాగానే నడిపేవాడు.

వాడు అద్దంలోకి చూసేవాడు కాదన్నా. అంతే తేడా.

నువ్వు బ్రేకు వేసేముందు పైనున్న అద్దంలోకి చూసేవాడివి. నీ కళ్లు నాకు రోజూ కనబడేవి. ఆడవాళ్ల సీట్ల వైపు చూస్తున్నావనుకునేవాణ్ణి, వదినకు చెప్పాలా వద్దా అని కూడా ఆలోచించాను. నువ్వు చూసింది నన్ను. నేను ఎక్కడ నిలబడ్డానో చూసి, కొంచెం తొక్కి, నేను కాలు సర్దుకోగానే మిగతాది తొక్కేవాడివి. ఆ ఎద్దు అడ్డం వచ్చిన రోజు కూడా. ఇన్నేళ్లు నేను నా కాళ్లను చూసుకుని మురిసిపోయాను. జిగురు నా కాళ్లకు లేదు, నీ కాలికి ఉంది. ఇది తెలిసి నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

విమానం డ్రైవరుకు ఆ అద్దం లేదు. వెనక ఏ గురప్ప నిలబడ్డాడో వాడికి కనబడదు. అందుకే ముందుగానే లైటు వేస్తాడు. "ముందు గుంత ఉందప్పా, నిన్ను చూడలేను, నువ్వే కూర్చో" అని చెప్పడం అది. వాడు నాకు చెప్పాడు, నేను వినలేదు. బండి తప్పూ లేదు, డ్రైవరు తప్పూ లేదు.

నువ్వు రోడ్డు కనబడకుండా ఎట్లా కూర్చోవాలన్నావు. నీ బండిలో కూర్చున్న వేలమందికి రోడ్డు కనబడిందా? నిన్ను నమ్మి నిద్రపోయారు. నువ్వూ ఒక్కసారి అట్లా కూర్చో. ముందు కూర్చున్నవాడు కూడా నీలాంటివాడే అనుకో. బెల్టు పొట్ట కింద కట్టుకో, ఊపిరాడుతుంది. కిరణ్మయి చూపించింది, నేను కట్టుకుని చూశాను.

వదినమ్మను మళ్లీ పాడించన్నా.

గురప్ప


విమానంలో, సముద్రం మీద ఎక్కడో,
సెప్టెంబరు.

తమ్ముడు గురప్పకు,

ఎక్కాను. నీ కోడిగీతల ఉత్తరం చదివిన రోజే ఫాతిమా చేతికిచ్చాను. చదివి లోపలికి పోయి, బీరువా తీసి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. నన్ను అడగనే లేదు! అద్దం సంగతి మాత్రం అడిగింది. ఆడవాళ్ల సీట్ల వైపు ఎప్పుడూ చూడలేదని ప్రమాణం చేశాను. నీ వల్ల ఈ వయసులో ఆ తిప్పలు కూడా వచ్చాయి.

బెల్టు పొట్ట కింద కట్టుకున్నాను. లేచేటప్పుడు కళ్లు మూసుకుని ఫాతిమా చెయ్యి పట్టుకున్నాను. తర్వాత నిద్ర కూడా పట్టింది, నువ్వు నమ్మవు. ఇప్పుడు నీకు రాస్తున్నది ఎందుకంటే, ఇందాక జరిగినదాని తర్వాత నా చేతులు స్టీరింగు కోసం వెతుకుతున్నాయి. కూర్చుని ఏదో ఒకటి చేయాలి.

టింగుమని లైటు వెలిగింది. నీళ్లిచ్చే పిల్లలు పోయి కూర్చున్నారు. నేను బెల్టు ఇంకాస్త బిగించాను. చూస్తే మూడు వరుసల ముందు ఖాదర్ బాషా లేచి నిలబడ్డాడు. బెల్టు తీసేసి, పైనున్న సంచిలోంచి తినడానికేదో వెతుకుతున్నాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు లేచారు. గురప్పా, మేం మగవాళ్లమంతా ఉమ్రాకు కట్టే ఇహ్రాం బట్టల్లో ఉన్నాం, రెండు తెల్లగుడ్డలు చుట్టుకుని. ఆ బట్టల్లో ఉన్నవాడు గొంతు చించుకోకూడదు, జగడమాడకూడదు, కోపగించుకోకూడదు. అదంతా నాకు తెలుసు. కానీ నా గొంతు నాకు సరిగా వినబడదు కదా, ఎంత అరుస్తున్నానో తెలియదు. అరిచాను.

"కూర్చోండ్రప్పా! మా గురప్ప ఇట్లే నిలబడి పైకెగిరినాడు! ఇరవై ఏండ్లు నా బండిలో పడనోడు, లైటు వెలిగినాక నిలబడి పడినాడు! ఖాదర్ భాయ్, నీకేం కాళ్లుండాయని నిలబడితివి?"

విమానం మొత్తానికి వినబడింది. భాష రానివాళ్లు కూడా కూర్చున్నారు. ఖాదర్ బాషా సంచి ఒళ్లో పెట్టుకుని ధబ్బున కూర్చుని, పొట్ట లోపలికి లాక్కుని బెల్టు కట్టుకున్నాడు. కట్టుకున్నాడో లేదో, విమానం కిందికి జారింది. మా చెల్లెలు లక్ష్మమ్మ రాసినట్టే, కడుపు గొంతులోకి వచ్చింది. ఎవరివో కళ్లద్దాలు గాల్లోకి లేచాయి. ఆయన ఖర్జూరం పండ్లు లేచాయి. మనుషులు మాత్రం ఒక్కరూ లేవలేదు. ఫాతిమా నా చెయ్యి విరిగేలా పట్టుకుంది. తర్వాత అంతా సర్దుకుంది. ఎవరికీ గీత కూడా పడలేదు. నాకు దుఃఖం వచ్చింది, దాచుకోలేదు.

జగడమాడానేమోనని మా గుంపు మౌల్వీ గారిని భయంగా అడిగాను. "అది జగడం కాదు, సేవ" అన్నారు. ఫాతిమా నవ్వింది.

ఇక నీకు చెప్పక తప్పని సంగతి ఒకటుంది. ఖాదర్ బాషా మెల్లగా వెనక్కి తిరిగి, కళ్లనీళ్లతో, "ఆ గురప్ప చానా మంచోడా?" అని అడిగాడు. "చానా మంచోడు" అన్నాను. "అయ్యో పాపం, ఎప్పుడు పోయినాడు?" అన్నాడు. అప్పటికే ఆ మాట ఆ చివరిదాకా పాకిపోయింది. వెనక ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నీ పేరిట అందరూ చేతులెత్తి దువా చేస్తున్నారు. బెల్టులు చూసుకుని మరీ చేస్తున్నారు.

నువ్వు బతికే ఉన్నావని చెబుదామని నోరు తెరిచాను. ఫాతిమా నా మోచేతిని నొక్కింది. నిజమే, చెబితే మళ్లీ లేస్తారు. కాబట్టి తమ్ముడూ, జెడ్డాలో దిగేదాకా నువ్వు లేనట్టే. కాస్త ఓర్చుకో.

ఇట్లు,
నీ డ్రైవరు
ఫయాజ్